మెట్రో ఎక్సోడస్: సొరంగాలు దాటి బయటికి వచ్చాక ఆటకు కలిగిన లాభనష్టాలు

ఓరుగల్లు ఆటగాడు

మెట్రో ఎక్సోడస్ అనే షూటర్ (తుపాకీతో పోరాడే వీడియో గేమ్) 2019 ఫిబ్రవరి 15న విడుదలైంది. ఇన్నేళ్లు గడిచినా ఈ ఆట ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ కొందరు దీనిని అద్భుతమంటారు, మరికొందరు నిద్ర తెప్పించే ఆట అంటారు. ఒక్క మాటతో తేల్చెయ్యకుండా కొంచెం లోతుగా మాట్లాడుకుందామని ఈ చర్చను ప్రారంభిస్తున్నాను. కథలోని మలుపులు, ముగింపు కూడా చర్చకు వస్తాయి కనుక ఇంకా ఆడనివారు ఇక్కడితో ఆగిపోవడం మంచిది.

ముందుగా నా అభిప్రాయం చెబుతాను. 2010లో వచ్చిన మెట్రో 2033, 2013లో వచ్చిన మెట్రో లాస్ట్ లైట్ రెండూ అణుయుద్ధం తరువాత మాస్కో మెట్రో సొరంగాల్లో బతికే మనుషుల కథలు, కొరత మీద నిలబడ్డ ఆటలు. గ్యాస్ మాస్కు ఫిల్టరులో ఇంకెంత సేపటికి సరిపడా గాలి మిగిలి ఉందో, యుద్ధానికి ముందు తయారైన నాణ్యమైన తూటాలను శత్రువు మీద కాల్చాలో, వాటినే డబ్బుగా వాడుకుని దుకాణంలో సామాను కొనుక్కోవాలో అని ప్రతి క్షణం లెక్క వేసుకోవలసి వచ్చేది. మూడో ఆటలో ఆర్త్యోమ్, అతని భార్య ఆన్నా, మామ మిల్లర్, అతను నడిపే స్పార్టా సైనిక దళం అరోరా అనే ఆవిరి రైలెక్కి మాస్కోను వదిలిపెడతారు. వోల్గా తీరం, యమన్‌తావ్ పర్వతం, ఎండిపోయిన కాస్పియన్, టైగా అడవి, చివరికి నోవోసిబిర్స్క్ వరకు దాదాపు ఒక సంవత్సరం పాటు, రుతువు తరువాత రుతువు మారుతూ ఆ ప్రయాణం సాగుతుంది. ఆ విశాలత్వంలో పాత ఆటల బిగువు సడలిందని, అయినా ఆ బిగువును తిరిగి పట్టుకున్న చోటల్లా ఈ ఆట తన ముందరి రెండింటినీ మించిపోయిందని నేను భావిస్తున్నాను.

దీని అసలు బలం మన చేతులకు పని కల్పించడంలో ఉంది. పటాన్ని చూడాలంటే అట్టకు తగిలించిన కాగితాన్ని ఎదురుగా పైకెత్తి చూడాలి, ఆ సమయంలో ఆట ఆగదు. మాస్కు అద్దం మీద బురదో రక్తమో పడితే చేత్తో తుడవాలి, పగిలితే టేపు అతికించాలి. టార్చిలైటు మసకబారితే ఛార్జరు పిడిని పదేపదే నొక్కాలి. మనం వెలుతురులో కనబడుతున్నామా లేదా అన్నది కూడా తెర మూలన ఉండే గుర్తుతో కాక మణికట్టు పట్టీలో వెలిగే చిన్న నీలి దీపంతోనే తెలుస్తుంది. ఇంత పొందికగా ఒక మనిషి శరీరంలో మనల్ని కూర్చోబెట్టిన షూటర్లు చాలా తక్కువ.

గోదారి గేమర్

ఓరుగల్లు గారు చెప్పిన చివరి అంశంతో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే విశాలత్వం వల్ల బిగువు సడలిందన్న మాటను వోల్గాకు వర్తింపజేయలేము. అక్కడ పటం నిండా గుర్తులు పోసి వాటి వెంట పరుగులు తీయించే పద్ధతి లేదు. ఎత్తైన చోటు ఎక్కి, బైనాక్యులర్‌తో చూసి, ఏది అనుమానంగా కనిపిస్తే దానినే మనం గుర్తుపెట్టుకుంటాము. దూరంగా ఒక పాడుబడ్డ ఇల్లు కనిపిస్తే అక్కడ ఏముందో తెలుసుకోవడానికి మంచం దగ్గర నిద్రపోయి రాత్రి వెళ్లాలా, పగలే వెళ్లాలా అన్నది మన నిర్ణయం. రాత్రయితే మనుషుల్లో చాలామంది నిద్రలో ఉంటారు, చీకట్లో నక్కి వెళ్లడం తేలికవుతుంది, కానీ మృగాలు పెరుగుతాయి. పగలు ఆ లెక్క తలకిందులవుతుంది. ఇది పటం పెద్దదైనందువల్లనే సాధ్యమైన బిగువు.

పైగా అక్కడి మనుషులకు ఒక ఆలోచన ఉంది. సిలాంతియస్ అనే మతపెద్ద విద్యుత్తునే మహాపాపంగా బోధిస్తాడు, నదిలోని ఒక భీకరమైన చేపను ఆ శాఖవారు జార్ అని పిలిచి కొలుస్తారు. లోకం అంతమైన తరువాత బందిపోట్లు తప్ప మరెవరూ మిగలరన్నట్టు రాసే ఆటల మధ్య, సర్వనాశనానికి యంత్రాలనే కారణంగా చూసి వాటికి దూరంగా పారిపోయే సమాజాన్ని ఊహించడం నాకు చాలా నచ్చింది. ఆ నమ్మకం మూర్ఖత్వమే కావచ్చు, కానీ వాళ్లు చూసినదంతా చూశాక అలా నమ్మడానికి కారణం లేకపోలేదు.

పాత కన్సోల్

నేను దీన్ని మొదట ఆడింది పీఎస్4 (ప్లేస్టేషన్ 4) కన్సోల్ మీద. బిగువు గురించి మాట్లాడేటప్పుడు ఒక ముఖ్యమైన ప్రతికూలతను మరచిపోతున్నారు. విడుదలైన కొత్తలో పెద్ద స్థలాలు లోడ్ కావడానికి విసుగు పుట్టేంత సమయం పట్టేది. కంట్రోలరుతో గురి పెట్టేటప్పుడు మన వేలి కదలికకూ తుపాకీ కదలికకూ మధ్య ఒక బరువైన ఆలస్యం ఉండేది. తుపాకులకు బరువు ఉండాలన్నది ఈ ఆట స్వభావమే అయినా, గుంపుగా మృగాలు మీదికి వచ్చినప్పుడు అది స్వభావంగా కాక అడ్డంకిగానే అనిపించేది. ఒకసారి చనిపోయామంటే మళ్లీ అదే సుదీర్ఘమైన నిరీక్షణ. 2021 జూన్ 18న పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లకు వచ్చిన కొత్త రూపంలో ఈ ఇబ్బంది చాలావరకు తొలగిపోయింది కనుక ఇప్పుడు మొదలుపెట్టేవారికి ఇది పెద్ద విషయం కాదు, కానీ 2019లో ఆడి నిరాశపడినవారిని తప్పుపట్టకూడదు.

రాత్రి డ్యూటీ

అందరూ పక్కకు నెట్టేస్తున్న పెద్ద లోపం ఒకటుంది. ఆర్త్యోమ్ మాట్లాడడు.

మొదటి ఆటలో అతని మౌనం నప్పింది. అప్పుడతను తన స్టేషను దాటి లోకం చూడని యువకుడు, చుట్టూ ఉన్నవారంతా అతనికంటే ఎక్కువ తెలిసినవారు, కనుక అతను వినడమే సహజం. ఎక్సోడస్ నాటికి అతను భర్త, అల్లుడు, దళంలో పేరున్న సైనికుడు. మాస్కో బయట మనుషులు బతికే ఉన్నారని అందరితో వాదించి, పిచ్చివాడినన్న ముద్ర వేయించుకుని, రేడియో పట్టుకుని మంచులో తిరిగిన మొండివాడు. అంతటి పట్టుదల ఉన్న మనిషి తన భార్య ఊపిరితిత్తులు పాడైపోయి దగ్గుతూ, భయపడుతున్నానని చెబుతుంటే గోడలా నిలబడిపోతాడు. రేడియోలో స్నేహితులు "ఆర్త్యోమ్, వినిపిస్తోందా?" అని అడిగి, సమాధానం రాకపోయినా వచ్చినట్టే సంభాషణ కొనసాగిస్తారు. ఆన్నా పాత్రను అంత ఆర్ద్రంగా రాసి, ఆ ఆర్ద్రత ఎవరి కోసమో ఆ మనిషిని శూన్యంగా వదిలేశారు.

ఇంకా విచిత్రమేమిటంటే అతనికి గొంతు లేక కాదు. స్థలాల మధ్య లోడింగ్ సమయంలో తన దినచర్య పుస్తకాన్ని తానే చదువుతాడు, అందులో ఆలోచన ఉంది, పశ్చాత్తాపం ఉంది, హాస్యం కూడా ఉంది. అంటే ఆ మనిషిని రచయితలు పూర్తిగా ఊహించారు, ఊహించి అవసరమైన చోట దాచిపెట్టారు. ఆటగాడు తననే పాత్రగా భావించుకోవాలన్న పాత వాదన ఇక్కడ చెల్లదు, ఎందుకంటే ఆర్త్యోమ్‌కు పేరు, కుటుంబం, గతం, అభిప్రాయాలు అన్నీ ముందే ఉన్నాయి.

మంచు రైలు

రాత్రి డ్యూటీ గారి వాదన బలమైనదే, నేను దానిని పూర్తిగా ఖండించలేను. కానీ ఆ మౌనం వల్ల ఆటకు దక్కిన ఒక మేలు కూడా ఉంది, అది అరోరా రైలులో గడిపే సమయం. ఒక మజిలీకీ మరో మజిలీకీ మధ్య రైలులో మనం తుపాకీ లేకుండా తిరగవచ్చు. మిల్లర్ పక్కన కూర్చుని సిగరెట్టు కాల్చవచ్చు, రేడియో తిప్పుతూ దూరపు గొంతులను పట్టుకోవచ్చు. వోల్గాలో దొరికే గిటారును తెచ్చి ఇస్తే దళంలోని స్తెపాన్ వాయిస్తాడు, వోల్గా చర్చిలోని చిన్నపిల్ల నాస్త్య పోగొట్టుకున్న బొమ్మ ఎలుగును వెతికి తెచ్చి ఇవ్వవచ్చు. వీటిలో చాలా వాటికి ఏ బహుమతీ ఉండదు. ఎవరి దగ్గరైనా ఆగితే వాళ్లు మాట్లాడుతూనే ఉంటారు, మనం కదలకుండా నిలబడి ఉంటే ఇంకా చెబుతారు. షూటర్ అని పేరు పెట్టుకున్న ఆటలో వినడాన్నే ఒక పనిగా మార్చిన సన్నివేశాలు నాకు వేరే చోట కనిపించలేదు.

అయితే ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఒకే గదిలో ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడుతుంటారు, ఒక సంభాషణ మీద మరొకటి ఎక్కేస్తుంది. రష్యన్ గొంతులతో ఆడితే వాతావరణం బాగా కుదురుతుందని అందరూ సలహా ఇస్తారు, నేను కూడా అదే చెబుతాను, కానీ మనవంటివాళ్లు అప్పుడు ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు చదువుకుంటూ ఆడాలి. ఎవరి మాట ఏదో తెలియక వరుసలన్నీ కలగలిసి పరుగెత్తుతుంటే ఎదురుగా ఉన్న మనిషి ముఖం చూడాలో, తెర అడుగున చూడాలో అర్థం కాదు. ఇంగ్లీషు గొంతులతో ఆడితే ఆ బాధ తప్పుతుంది, కానీ ఆ యాస కొన్నిచోట్ల కృతకంగా వినిపిస్తుంది.

తుప్పు తుపాకీ

ఇంతసేపూ ఒక షూటర్ గురించి మాట్లాడుతూ తుపాకుల దగ్గరికి ఎవరూ రాలేదు.

ఎక్సోడస్‌లో తుపాకీ ఒక స్థిరమైన వస్తువు కాదు. చచ్చిన శత్రువు దగ్గర దొరికిన తుపాకీలో మనకు లేని గొట్టమో, దూరదర్శినో, తూటాల అరో ఉంటే దానిని విప్పి తీసుకోవచ్చు, అప్పటి నుంచి అది మనదే. వీపు సంచి దించి అడవి మధ్యలోనే ఆ భాగాలను మార్చుకోవచ్చు. అషోత్ అనే పొట్టి షాట్‌గన్‌ను చేతి తుపాకీగా వాడుకోవాలా, పొడవైన గొట్టం, వెనుక మద్దతు తగిలించి దూరానికి పనికొచ్చేలా మార్చుకోవాలా అన్నది మన ఇష్టం. బురదలో, ఇసుకలో తిరిగితే తుపాకీకి మురికి పట్టి నడుమ ఇరుక్కుపోతుంది, వర్క్‌బెంచ్ (పని బల్ల) దగ్గర శుభ్రం చేసుకోవాలి. మందులు, ఫిల్టర్లు, తిఖార్ అనే గాలి తుపాకీ గుండ్లు సంచి దగ్గరే తయారవుతాయి, మామూలు తూటాలకు మాత్రం వర్క్‌బెంచ్ కావాలి. కాబట్టి ఒక వర్క్‌బెంచ్ నుంచి ఇంకొక వర్క్‌బెంచ్ వరకు చేసే నడకే ఒక చిన్న సాహసయాత్ర అవుతుంది.

ఇక లోపం. సాధారణ స్థాయిలో ఈ ఏర్పాటును తిఖార్ ఒక్కటే చెడగొడుతుంది. అది గాలి ఒత్తిడితో పనిచేసే తుపాకీ, చప్పుడు తక్కువ, దాని ఇనుప గుండ్లు సంచి దగ్గరే చవకగా తయారవుతాయి. దానిని కొంచెం మెరుగుపరిచాక మిగిలిన తుపాకులతో పని తగ్గిపోతుంది. శత్రువులు కూడా అంత తెలివైనవారు కాదు. దీపాలు ఒక్కొక్కటిగా ఆర్పుకుంటూ వెళితే గది చీకటైనా పట్టించుకోరు, పక్కవాడు కనబడకపోతే కాసేపు వెతికి మళ్లీ తమ చోటికి వెళ్లిపోతారు. పెద్ద శిబిరాలను ఇలా ఒక్కొక్కరినే పడగొడుతూ ఖాళీ చెయ్యడం మొదట్లో ఉత్కంఠగా ఉన్నా, టైగాకు చేరేసరికి అలవాటైన పనిగా మారుతుంది. అందుకే కొంచెం అనుభవం ఉన్నవారు మరింత కఠినమైన రేంజర్ స్థాయిలో ఆడాలని నా సలహా. రేంజర్ హార్డ్‌కోర్‌లో తెర మీది సమాచారం పోతుంది, మనకు నచ్చిన చోట సేవ్ చేసుకునే వీలు కూడా ఉండదు.

ఓరుగల్లు ఆటగాడు

తుప్పు తుపాకీ గారు సరిగ్గా నా మనసులోని చోటే పట్టుకున్నారు. తూటాలే డబ్బు అన్న పద్ధతిని తీసేసి, సామగ్రి, రసాయనాలు అని రెండే రకాల నిల్వలు పెట్టారు. దుకాణాలు లేని ప్రయాణంలో డబ్బు ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే, కానీ పాత పద్ధతిలో ఒక్కొక్క తూటా వెనుక ఉండే సంకోచం పోయింది. ఇప్పుడు చెత్త ఎక్కువగా దొరికిన చోట మనం ధనవంతులం, కొంచెం ఓపికగా ప్రతి అల్మారా తెరిచినవారికి కొరత అన్నదే తెలియదు. ఆట కష్టమవడం మన ఓపికలేనితనం మీద ఆధారపడకూడదు.

నెల్లూరు నుంచి

2019 జనవరి 28న, అంటే విడుదలకు మూడు వారాలు కూడా లేని సమయంలో, పీసీ ఆటను ఏడాది పాటు ఎపిక్ అనే ఆన్‌లైన్ స్టోరులోనే అమ్ముతామని ప్రకటించారు కదా. దాని పోటీ దుకాణమైన స్టీమ్‌లో ఎదురుచూసినవారి కోపం ఈ ఆట పేరును ఎంతగా దెబ్బతీసిందో కూడా చర్చించాలి.

ఓరుగల్లు ఆటగాడు

అది అమ్మకానికి సంబంధించిన నిర్ణయం. అప్పటికే స్టీమ్‌లో ముందుగా కొన్నవారికి అక్కడే ఆట అందింది, 2020 ఫిబ్రవరిలో స్టీమ్‌లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఆట మంచిచెడులకు దానితో సంబంధం లేదు కనుక ఇంతటితో వదిలేద్దాం.

నిశ్శబ్ద పాఠకుడు

నేను ఎక్కువగా రాయను, కానీ ఈ ఆటలోని నీతి వ్యవస్థ గురించి ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యం కలిగించింది. నా దృష్టిలో బలమూ బలహీనతా రెండూ ఒకేచోట కూడుకున్నది అక్కడే.

పద్ధతి ఇది. వోల్గాలో డ్యూక్, కాస్పియన్‌లో దామిర్, టైగాలో అల్యోషా, ఈ ముగ్గురు సహచరుల గతి ఆయా ప్రాంతాల్లో మనం ఎలా ప్రవర్తించామన్న దానిని బట్టి మారుతుంది. ముగ్గురిలో కనీసం ఇద్దరైనా రైలులో క్షేమంగా మిగిలితేనే చివర్లో ఆర్త్యోమ్‌కు అవసరమైనంత రక్తం దొరుకుతుంది, అతను బతుకుతాడు. లేకపోతే చనిపోతాడు. మంచి చేసినందుకు అంకెలు పెరగవు, చెడు చేసినందుకు హెచ్చరిక రాదు. మనం కాపాడుకున్న మనుషుల ఒంట్లోని రక్తమే చివరికి మనల్ని కాపాడుతుందన్న ఊహ అసాధారణమైనది. దానిని ఒక్క ఉపన్యాసం లేకుండా చెప్పగలిగారు.

కాస్పియన్‌లో ఇది చక్కగా కుదిరింది. బానిసలను హింసించకుండా, వీలైతే విడిపించుకుంటూ సాగితే ఆ ప్రాంతపు కథతో అది కలిసిపోతుంది, ఎందుకంటే అక్కడ చమురు బావుల మీద కూర్చున్న బారన్ ఎవరో, అతని కింద నలిగేది ఎవరో స్పష్టంగా ఉంటుంది. టైగాలో కూడా సరిపోతుంది, ఎందుకంటే అక్కడి అటవీ సంతానం యుద్ధం జరిగినప్పుడు శిబిరంలో చిక్కుకుపోయి తమ గురువు నీడలో పెరిగిన పిల్లలు, వాళ్లతో మనకు వైరం లేదు. వోల్గాలో మాత్రం తడబడింది. మీద మీద కాల్పులు జరుపుతున్న భక్తుల్లో ఎవరిని కాల్చితే లెక్కలోకి వస్తుందో, ఎవరిని కాల్చితే రాదో పోరు మధ్యలో తెలుసుకోవడం కష్టం. ఆయుధాలు పడేసి లొంగిపోయినవారిని స్పృహ తప్పించాలే తప్ప చంపకూడదన్నది ఆలోచిస్తే అర్థమవుతుంది, కానీ డ్యూక్ చనిపోయినప్పుడు దానికి కారణం మన చేతులే అని చాలామందికి స్ఫురించదు. కారణం కనబడని పర్యవసానం ఆటగాడికి విధిగా తోస్తుంది.

రాత్రి డ్యూటీ

నిశ్శబ్ద పాఠకుడు గారు చెప్పినదానికి ఒక వాక్యం చేర్చుతాను. మాట్లాడలేని ఆర్త్యోమ్‌కు ఉన్న ఒకే ఒక భాష అతని చేతలు, ఆ చేతలను ఆట గమనిస్తోందన్నది నాకు ఈ చర్చలో దొరికిన మంచి విషయం. అయినప్పటికీ ఆన్నా ముందు అతను నోరు మెదపకపోవడం నాకు ఇప్పటికీ సహించదు.

గోదారి గేమర్

వోల్గాను సమర్థించిన నేనే కాస్పియన్ మీద ఫిర్యాదు చేస్తాను. ఇక్కడ పటం పెద్దదైంది, కానీ ఆ పెద్దతనానికి పని లేదు. వ్యాను ఇచ్చారు కనుక దూరాలు పెంచారు, దూరాలు పెరిగాయి కనుక మధ్యలో ఇసుక మిగిలింది. వోల్గాలో నడక వల్ల కలిగిన భయం ఇక్కడ చక్రాల మీద కొట్టుకుపోయింది. కథ పరంగా కూడా గ్యుల్, ఆమె తల్లి, బారన్, దామిర్ వంశమూలాలు, చమురు, బానిసత్వం అని ఎన్నో దినుసులు ఉన్నా ఒక్కటీ పాకానికి రాలేదు.

దానిలోనే ఉన్న ఉపగ్రహ సమాచార కేంద్రాన్ని మాత్రం మినహాయిస్తాను. వెలుతురు తగిలితే కాలిపోయే సాలీళ్లు, మన చేతిలో మసకబారుతున్న టార్చిలైటు, ఎటు తిరిగినా గోడల మీద గరగర శబ్దం. ఎండిన సముద్రపు అడుగున, మండుటెండ నుంచి దిగి వెళ్లి ఆ చీకట్లో పడటంతో భయం రెట్టింపవుతుంది. ఓరుగల్లు గారి మూల వాదనకు దీనికంటే మంచి ఉదాహరణ లేదు.

మంచు రైలు

ఆ లెక్కన నోవోసిబిర్స్క్‌ను కూడా చెప్పుకోవాలి. అక్కడ విశాలమైన పటం లేదు, వెనక్కి వచ్చే దారి లేదు, సజీవంగా ఎదురయ్యే మనుషులే దాదాపు ఉండరు. మణికట్టు మీది రేడియేషన్ సూచిక ఆగకుండా కటకటమంటుంది. ఆన్నాకు మందు తేవడానికి మిల్లర్, ఆర్త్యోమ్ ఇద్దరే వెళతారు. ఆ మందు కోసం మిల్లర్ తన ప్రాణం ఇచ్చేస్తాడు, అంతవరకు మొండిగా, అబద్ధాలు చెప్పిన మనిషిగా చూసిన మామ మీద మన అభిప్రాయం మొత్తం మారిపోతుంది. ఆ ఊరి మెట్రో కూలిపోవడానికి కారణం బయటి శత్రువులు కాదు, లోపలివారే, అని అక్కడక్కడ మిగిలిన గుర్తులను బట్టి తెలుసుకుంటాము. మాస్కో కూడా ఒకనాడు అలాగే ముగుస్తుందేమోనన్న ఆలోచన రాకుండా ఉండదు.

పాత కన్సోల్

2021 మే 6న పీసీకి వచ్చిన ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ గురించి ఒక మాట. రే ట్రేసింగ్ (వెలుతురు కిరణాలు ఎలా పడతాయో లెక్కకట్టే పద్ధతి) చెయ్యగల గ్రాఫిక్స్ కార్డు లేనిదే అది నడవదు, ఆట ఇదివరకే కొన్నవారికి ఉచితం. వెలుతురు మొత్తాన్ని లెక్కకట్టి చూపడం అన్నది ఎన్నో ఆటల్లో ప్రదర్శన వస్తువుగా మిగిలిపోయింది, ఇక్కడ మాత్రం ఆట తీరుకే ఉపయోగపడింది. వెలుతురుకూ చీకటికీ మధ్య నక్కడమే ప్రధానమైన ఆటలో కిటికీ నుంచి పడిన ఎండ గది మూలలకు ఎలా పాకుతుందో తెలిస్తే ఎక్కడ దాక్కోవాలో కంటితోనే నిర్ణయించుకోవచ్చు. అటువంటి కార్డు లేనివారు పాత రూపం ఆడినా నష్టపోరు, దాని వెలుతురు కూడా 2019 నాటికి చాలా ముందంజలో ఉంది.

కొత్త సభ్యుడు

హెచ్చరిక చూసి కూడా మొత్తం చదివేశాను. పాత రెండు ఆటలు ఆడకుండా నేరుగా ఎక్సోడస్ మొదలుపెట్టవచ్చా? అదనపు భాగాలు ఎప్పుడు ఆడాలి?

తుప్పు తుపాకీ

నేరుగా మొదలుపెట్టవచ్చు, కథ అర్థమవుతుంది. కానీ మాస్కోను వదిలిన రోజు ఆ దళానికి కలిగే గుండె బరువు మీకు కూడా కలగాలంటే కనీసం లాస్ట్ లైట్ ఆడి రావాలి. 2014లో పాత రెండు ఆటలకు మెరుగులు దిద్ది తెచ్చిన రెడక్స్ రూపాలు ఇప్పటికీ బాగానే నడుస్తాయి. 2019 ఆగస్టులో వచ్చిన టూ కర్నల్స్ నోవోసిబిర్స్క్‌లో జరిగినదాన్ని, అక్కడ మనకు ఎదురయ్యే చిన్నారి కిరిల్ తండ్రి ఖ్లెబ్నికోవ్ కళ్లతో చూపిస్తుంది, కనుక ప్రధాన కథ ముగిశాకే ఆడాలి. అది పూర్తిగా సొరంగాల కథ, పాత ఆటల బిగువు ఎక్కడికి పోయిందని అడిగేవారు నేరుగా అక్కడికి వెళ్లాలి. 2020 ఫిబ్రవరిలో వచ్చిన శామ్స్ స్టోరీ వ్లదివస్తోక్‌లో జరుగుతుంది, అందులో దళంలోని అమెరికన్ శామ్ అమెరికాలోని ఇంటికి చేరే దారి వెతుక్కుంటాడు.

గోదారి గేమర్

అదనంగా ఒకటి చెబుతాను. శామ్ మాట్లాడతాడు. ఎదుటివారు అడిగినదానికి సమాధానమిస్తాడు, ఎదురు చెబుతాడు, చమత్కరిస్తాడు. ఆ భాగం పూర్తిచేసిన తరువాత ఆర్త్యోమ్ మౌనాన్ని సమర్థించడం నాకు మరింత కష్టమైంది.

రాత్రి డ్యూటీ

నేను అడుగుతున్నది కూడా అంతే. ఆ స్టూడియోకు చేతకాక కాదు, చెయ్యకూడదని అనుకున్నారు.